గాలి పోనిదే తేట రాదు



ఈ రోజు మనం ముచ్చటించుకోబోయేది ద్రాక్షవైనును గురించి. అంటే వైను చేయటం మొదటినుంచి చివరిదాకా చెప్పబోతున్నానని కాదు. పులియటం ముగిసిన తరువాత, తేటపరచటానికి మందు కలపబోయే ముందు, మధ్యలో చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది చూడటానికి చాలా చిన్న పని. ఖర్చులేని పని. అందుకే దాన్ని చాలామంది వదిలేస్తారు. వదిలేసినవాళ్ళలో కొందరికి వైను నెలల తరబడి తేటపడదు. కొందరికి సీసాల బిరడాలు ఎగిరిపోతాయి. మరికొందరికి సీసాలే పగులుతాయి. ఆ పని ఏమిటంటే, వైనులో ఇమిడి ఉన్న గాలిని బయటికి పంపటం.

ముందుగా ఒక హెచ్చరిక. ఆంధ్ర ప్రదేశ్ లోను, తెలంగాణలోను, కర్ణాటకలోను ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే వైను తయారుచేయరాదు. ఇంటి వాడకానికే గదా అంటే చెల్లదు. కాబట్టి నేను చెప్పేది లైసెన్సు పొంది చిన్న ఎత్తున వైను చేసే తోటల వారికి, వారికి సలహా చెప్పవలసిన సిబ్బందికి. అమెరికాలో చట్టం వేరు. అక్కడ ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి, అమ్మకుండా తమ వాడకం కోసం ఏడాదికి 200 గాలన్ల దాకా చేసుకోవటానికి కేంద్ర చట్టం ఒప్పుకుంటుంది. అక్కడి మన తెలుగువారికి కూడా ఈ మాటలు పనికివస్తాయి.

చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాలలో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది బెంగుళూరు బ్లూ ద్రాక్ష పెంచుతున్నారు. నల్లని పండు, జారిపోయే తోలు, ఘాటైన వాసన, నాలుక మీద పులుపు. పండుగా తినేవారికంటె రసానికి, వైనుకు కొనేవారికి అది ఎక్కువ నచ్చుతుంది. ధర పడిపోయినప్పుడు కోసిన గుత్తులను ఎన్నాళ్ళు దాచగలం? ద్రాక్ష ఆగే పండు కాదు. అందువల్లనే వైను మీదికి కొందరి దృష్టి పోయింది. అయితే పండు నాలుగు రోజుల్లో పాడయితే నష్టం పండు వరకే. వైను పాడయితే పండు, పంచదార, సీసాలు, ఆరు నెలల కాపలా, అన్నీ కలిసి పోతాయి. అందుకని ఈ చిన్న పని సంగతి శ్రద్ధగా వినండి.

గోలీసోడా మీ అందరికీ తెలిసినదే. గోలీ నొక్కగానే తుస్సుమని శబ్దం వస్తుంది. నీళ్ళలోనుంచి బుడగలు పైకి లేస్తాయి. నొక్కకముందు చూస్తే ఒక్క బుడగ కనిపించదు. అంటే గాలి నీళ్ళలో కరిగి ఉన్నది. ఉప్పు నీళ్ళలో కరిగి కనిపించకుండా పోయినట్లే ఇదీను. సోడాలో ఉన్న ఆ గాలి పేరు బొగ్గుపులుసు వాయువు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు బీరుబట్టీ పక్కన ఇంట కాపురం ఉంటూ, పులిసే తొట్ల మీద పేరుకునే గాలిని గమనించి, దాన్ని నీళ్ళలో ఇమిడ్చే ఉపాయం కనిపెట్టాడు. 1772లో ఆ పద్ధతిని అచ్చు వేయించాడు. అంటే సోడాకు పుట్టిల్లు పులిసే తొట్టే నన్నమాట. అలాంటప్పుడు మన వైను తొట్టిలో సోడా గుణం ఉండటంలో వింత ఏమున్నది?

ఈ గాలి ఎంత పుడుతుందో ఒక్కసారి లెక్క వేద్దాం. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు తిని, సగానికి కొంచెం పైగా మద్యసారంగాను, సగానికి కొంచెం తక్కువ బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. తూకం లెక్కన ఒక కిలో చక్కెర నుంచి దాదాపు అర కిలో గాలి వస్తుంది. ఆ అర కిలో గాలి రమారమి 250 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 25 లీటర్ల రసంలో 5 కిలోల చక్కెర ఉంటే, పులిసే పది పదిహేను రోజుల్లో వెయ్యి లీటర్లకు మించిన గాలి పుడుతుందన్నమాట. అందులో చాలా భాగం బుడబుడమని పైకి పోతుంది. కాని పొంగు అణగినంత మాత్రాన అంతా పోయినట్లు కాదు. 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అప్పుడే పులిసిన వైను లీటరుకు సుమారు గ్రామున్నర గాలిని తనలో పట్టి ఉంచుకుంటుంది. కొలత చెప్పాలంటే, ఒక లీటరు వైనులో ముప్పాతిక లీటరుకు పైగా గాలి. కంటికి కనిపించదు, అంతే.

ఇంత గాలి లోపల ఉంటే వచ్చే చిక్కులేమిటి?

మొదటి చిక్కు తేటపడకపోవటం. బురదనీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసి కలిపితే మురికి అడుక్కు దిగుతుందని మన పెద్దవాళ్ళు ఎరుగుదురు. వైనులో ఆ పనికి బెంటొనైట్ అనే సన్నని బంకమన్ను వాడతారు. అది నలకలను పట్టుకొని, బరువెక్కి, అడుక్కు దిగాలి. కాని వైను నిండా గాలి ఉంటే ఏమవుతుంది? నలక మీద బుడగ పట్టుకుంటుంది. అడుక్కు దిగవలసిన నలకను బుడగ మళ్ళీ పైకి లాగుతుంది. మందు పనిచేయలేదని మనం మరికొంత మందు వేస్తాం. తప్పు మందుది కాదు, కింద నుంచి ఎత్తే గాలిది.

రెండో చిక్కు పొంగు. గాలి నిండిన వైనులో పొడి గాని, మన్ను గాని వేస్తే ఒక్కొక్క రేణువు మీద బుడగ పుడుతుంది. లక్షల రేణువులు, లక్షల బుడగలు. ఒక్కసారిగా జాడీ మూతిదాకా నురుగు వస్తుంది. నేను మొట్టమొదట ఈ పని నేర్చుకునే రోజుల్లో, పొంగు అణిగిందని సంబరపడి, 25 లీటర్ల డబ్బా మెడదాకా నిండి ఉండగా బెంటొనైటు ఒక్కసారే గుమ్మరించాను. పాలు పొంగినట్లు పొంగి, రెండు మూడు లీటర్లు గచ్చుమీద పారింది. మిగిలినదైనా తేటపడిందా అంటే, మూడు వారాలు మజ్జిగతేట మాదిరిగానే ఉండిపోయింది. తరువాత ఎవరో పెద్దలు చెప్పగా రెండు రోజులపాటు కలిపి గాలి పోనిచ్చాను. వారం తిరిగేసరికి అడుగున మడ్డి, పైన తేట విడిపోయాయి. మళ్ళీ మందు వేయనే లేదు. ఆ రోజు నుంచి నాకు ఈ పని మీద నమ్మకం కుదిరింది.

మూడో చిక్కు కొలతలలో పొరపాటు. హైడ్రోమీటరు మునిగిన లోతును బట్టి వైనులో చక్కెర మిగిలిందో లేదో తెలుసుకుంటాం. పాలు పరీక్షించే లాక్టోమీటరుకు ఇది తోబుట్టువే. దాని ఒంటికి బుడగలు అంటుకుంటే అది ఉన్నదానికంటె పైకి తేలి, లేని చక్కెరను ఉన్నట్లు చూపుతుంది. పులుపు కొలిచేటప్పుడు కూడా అంతే. గాలి తెచ్చే పులుపు కలిసి లెక్క ఎక్కువ వస్తుంది. నాలుకకు కూడా వైను చురుక్కుమంటుంది. సోడా చురుకు అది, ద్రాక్ష పులుపు కాదు.

నాలుగో చిక్కు సీసాలో. చల్లని ద్రవం గాలిని ఎక్కువ పట్టుకుంటుంది, వెచ్చని ద్రవం తక్కువ పట్టుకుంటుంది. ఇంకొక సంగతి, పైనున్న ఒత్తిడి ఎక్కువైతే ద్రవంలో గాలి ఎక్కువ ఇముడుతుందని 1803లో విలియం హెన్రీ నిరూపించాడు. చలికాలంలో నింపి బిరడా బిగించిన సీసా ఎండాకాలంలో అటక మీద ఉంటే లోపలి గాలికి చోటు చాలదు. బిరడాను నెట్టుకొని బయటికి వస్తుంది. వైను కారుతుంది, బయటి గాలి లోనికి పోతుంది, నెల తిరిగేసరికి పుల్లని వెనిగర్ వాసన.

ఇప్పుడు అసలైన ప్రమాదం చెబుతాను. ఇక్కడ రెండు సంగతులను కలిపి చూడకూడదు. ఒకటి, పులియటం పూర్తయిన వైనులో మిగిలిపోయిన గాలి. రెండు, పులియటం ఇంకా సాగుతున్నందున కొత్తగా పుడుతున్న గాలి. మొదటిది బిరడాను కదిలించవచ్చు. రెండోది సీసానే పగలగొట్టగలదు. లీటరుకు 4 గ్రాముల చక్కెర సీసాలో పులిస్తే ఇంచుమించు ఒక వాతావరణం ఒత్తిడి పుడుతుంది. ఫ్రాన్సు దేశంలో షాంపేను చేసేవారు కావాలనే లీటరుకు 24 గ్రాముల చక్కెర వేసి సీసాలో మళ్ళీ పులియబెడతారు. లోపల 6 వాతావరణాల ఒత్తిడి వస్తుంది. మన కారు చక్రంలోని గాలికి అది రెండింతలకు మించినది. అందుకే వారు దళసరి గాజు సీసాలు వాడి, బిరడాను తీగతో కట్టివేస్తారు. మన మామూలు సీసా అంత ఒత్తిడికి నిలుస్తుందా? గాజు పెంకులు మొహాన పడితే కన్ను పోవచ్చు. కాబట్టి గాలి తీసే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న: పులియటం నిజంగా ఆగిందా?

దీన్ని తేల్చుకునే విధం చెబుతాను. ఒక గ్లాసెడు వైను తీసుకోండి. కాఫీ చల్లార్చటానికి తిరగబోసినట్లు రెండు గ్లాసుల మధ్య పదిపన్నెండుసార్లు తిరగబోయండి. ఆ నమూనాలో గాలి పోతుంది. తరువాత హైడ్రోమీటరు ఉంచి, ఒకసారి గిర్రున తిప్పి, బుడగలు వదిలాక అంకె చూడండి. చక్కెర పూర్తిగా పులిసిన వైను నీళ్ళకంటె తేలిక. నీళ్ళకు 1.000 అయితే దానికి 0.990కి, 0.998కి మధ్య ఉంటుంది. అలా వరుసగా మూడు రోజులు చూసినా అంకె మారకపోతేనే పులియటం ఆగినట్లు లెక్క. అంకె 1.010 దగ్గరో, 1.020 దగ్గరో ఆగిపోయి ఉంటే, అది పూర్తి కాలేదు, నీరసించి కునుకుతున్నదని అర్థం. వెచ్చదనం తగలగానే మళ్ళీ లేస్తుంది. అలాంటిది సీసాలకు ఎక్కించరాదు. తిరగబోసిన నమూనాను మళ్ళీ జాడీలో పోయవద్దు. దానికి బయటి గాలి తగిలింది.

ఇక పని వరుస. పులియటం ముగిసిందని తేలాక, అడుగున పేరుకున్న మడ్డిని కదపకుండా రబ్బరు గొట్టం ద్వారా వైనును వేరొక శుభ్రమైన పాత్రలోకి దించండి. మడ్డి ఉన్న పాత్రలోనే కలియబెడితే దిగినదంతా మళ్ళీ లేస్తుంది. పాత్ర గాజుదిగాని, స్టెయిన్లెస్ స్టీలుదిగాని, తిండిపదార్థాలకు తగిన ప్లాస్టిక్కుదిగాని కావాలి. ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం పనికిరావు. పులుపు వాటిని తినేస్తుంది. దించిన తరువాత పొటాసియం మెటా బై సల్ఫైటు పది లీటర్లకు ఒక గ్రాము చొప్పున కొంచెం వైనులో కరిగించి కలపండి. పండ్లరసాలు నిలవచేసే అక్కచెల్లెళ్ళకు కె.ఎం.ఎస్. అనే పేరుతో తెలిసిన పొడి ఇదే. ఇది బయటి గాలివల్ల వచ్చే చెరుపును అడ్డుకుంటుంది. చెంచాలతో అంచనా వేయకుండా చిన్న త్రాసులో తూచండి. ఉబ్బసం ఉన్నవారు దీని పొగ పీల్చకూడదు, దగ్గర నిలబడకూడదు.

ఆ తరువాత గాలి తీయటం. ఇందుకు మూడు దారులున్నాయి.

మొదటి దారి కాలం. పెద్ద పాత్రలో మూతికి గాలిగొట్టం బిగించి నెలల తరబడి ఉంచి, రెండు మూడు నెలలకొకసారి మడ్డి నుంచి వేరుచేస్తూ పోతే, గాలి తనంత తానే మెల్లగా పోతుంది. పెద్ద పీపాల్లో సంవత్సరం నిలవ ఉంచే వారికి వేరే శ్రమ ఉండదు. ఓపిక ఉన్నవారికి ఇదే మేలైన దారి.

రెండో దారి కలియబెట్టటం. చిన్న ఎత్తున చేసేవారికి ఇది అనుకూలం. వైను 22 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. చలిలో ఎంత కలిపినా గాలి వదలదు. పాత్రలో పైన జానెడు ఖాళీ ఉంచుకోండి. పొడుగుపాటి స్టీలు గరిటెగాని, తెడ్డుగాని మరిగే నీళ్ళలో కడిగి వాడండి. మొదట చాలా మెల్లగా కలపండి. నురుగు ఎంత లేస్తున్నదో చూసుకుంటూ వేగం పెంచండి. రెండు మూడు నిమిషాలు కలిపి, నురుగు అణిగాక తిరుగుడు దిశ మార్చి మళ్ళీ కలపండి. రోజుకు మూడు నాలుగుసార్ల చొప్పున రెండు మూడు రోజులు చేస్తే చాలావరకు గాలి పోతుంది. బెజ్జాలు వేసే డ్రిల్లు యంత్రానికి స్టీలు కడ్డీ తగిలించి కలిపేవారు కూడా ఉన్నారు. అది పని తొందరగా చేస్తుంది, తొందరగా పొంగిస్తుంది కూడా. దాన్ని బహు నెమ్మది మీద నడపాలి.

ఇక్కడ ఒక్క సంగతి మరువకండి. ఇది కవ్వం పెట్టి మజ్జిగ చిలికే పని కాదు. మజ్జిగ చిలికేటప్పుడు పై గాలి లోనికి పోయినా ఫరవాలేదు. వైనులో మన పని లోపలి గాలిని బయటికి పంపటం, బయటి గాలిని లోనికి లాగటం కాదు. తెడ్డు ఎప్పుడూ వైను అడుగుభాగంలోనే తిరగాలి. మధ్యలో సుడి గుంట పడి గుటగుట శబ్దం వస్తే బయటి గాలి లోనికి పోతున్నదని గుర్తు. వెంటనే ఆపండి. బయటి గాలిలోని ప్రాణవాయువు మనకు ప్రాణమే గాని వైనుకు చేటు. రంగు గోధుమవన్నెకు తిరుగుతుంది, పండు వాసన పోతుంది, వెనిగర్ చేసే క్రిములకు బలం వస్తుంది. గాలి పోయాక పాత్రలో ఖాళీ మిగలకుండా అదే రకం వైనుతో మూతిదాకా నింపి ఉంచండి.

మూడో దారి పంపుతో పైన ఒత్తిడి తగ్గించటం. హెన్రీ చెప్పిన సూత్రాన్నే తిరగవేసి వాడుకోవటం ఇది. పైన ఒత్తిడి తగ్గితే లోపలి గాలి తనంత తానే పైకి వస్తుంది. బయటి గాలి తగలదు కనుక వైనుకు మంచిది. కాని పలచని గాజు జాడీకి, చదరపు సీసాకు, ప్లాస్టిక్కు డబ్బాకు ఈ పని పెట్టకండి. లోపల ఒత్తిడి తగ్గగానే గాజు లోపలికి కుప్పకూలి పగులుతుంది. ఒత్తిడిని తట్టుకొనేదని ఖాయంగా తెలిసిన దళసరి గుండ్రని పాత్ర అయితేనే వాడాలి. కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి.

గాలి పోయిందని ఎట్లా తెలుసుకోవటం? దీనికి పరికరం అక్కర లేదు. చిన్న సీసాను సగం దాకా వైనుతో నింపి, మూతిని బొటనవేలితో మూసి, గట్టిగా కుదపండి. వేలు తీయగానే తుస్సుమంటే ఇంకా గాలి ఉన్నట్లే. శబ్దం లేకుండా వేలు ఊరికే వదిలితే పోయినట్లు. ఇది రోజుకొకసారి చేసి చూడండి. తుస్సు రోజురోజుకూ తగ్గుతూ రావాలి. నాలుగైదు రోజులు కలిపినా తగ్గకుండా అదే జోరుగా వస్తుంటే, కలపటం ఆపి మళ్ళీ హైడ్రోమీటరు పట్టుకోండి. లోపల ఎక్కడో పులియటం సాగుతున్నది. చక్కెర పులుస్తూ ఉండవచ్చు. లేదా అంకె కదలకపోతే, పండులోని ఒక రకం పులుపును సూక్ష్మక్రిములు మెత్తబరుస్తూ గాలి పుట్టిస్తూ ఉండవచ్చు. బెంగుళూరు బ్లూ వంటి పులుపు ఎక్కువగల పండులో దీనికి అవకాశం ఉంది. ఏది అయినా, అది ముగిసేదాకా ఆగవలసిందే. వైను తనంత తాను మీకు చెబుతున్నది, ఇంకా నా పని కాలేదని. ఆ మాట వినాలి.

తెల్లవైనులో కొద్దిపాటి గాలి మిగిలితే దోషం కాదు. దానివల్ల నాలుక మీద చురుకుదనం ఉంటుంది. అందుచేత చివరి బుడగదాకా వెంటబడి కలపనవసరం లేదు. ఎక్కువ కలిపినకొద్దీ వాసన కూడా బయటికి పోతుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు తేటపరచటం. బెంటొనైటును పొడిగా చల్లకూడదు. 25 లీటర్ల వైనుకు 15 గ్రాముల బెంటొనైటును పావు లీటరు వేడినీళ్ళలో కొంచెం కొంచెంగా చల్లుతూ కలిపి, ఒక రోజు నానబెడితే ఉబ్బి గంజిలా అవుతుంది. ఆ గంజిని వైనులో సన్నగా పోస్తూ కలపండి. గాలి ముందే పోయింది గనుక ఇప్పుడు పొంగదు. తరువాత జాడీని కదపకుండా చల్లని చోట, వెలుతురు పడకుండా ఒకటి రెండు వారాలు ఉంచండి. చూశారా, గాలి తీయటానికి వెచ్చదనం కావాలి, తేటపడటానికి చల్లదనం మేలు. వరుస తప్పితే రెండూ చెడతాయి. ఎర్రవైనులో వగరు ఎక్కువగా ఉన్నప్పుడు కోడిగుడ్డు తెల్లసొన వాడటం ఐరోపాలో పాతకాలం నుంచీ ఉంది. పెద్ద పీపాకు నాలుగైదు గుడ్ల సొన వేస్తారు. మొదటిసారి చేసేవారు ముందు ఒక లీటరు మీద పరీక్షించి చూసుకోవటం మంచిది.

తేటపడిందా లేదా అన్నది చీకటి గదిలో టార్చిలైటుతో చూడండి. వెలుగుదారి వైనులో పొగలాగా కనిపిస్తే ఇంకా నలక ఉన్నది. తెల్లవైను అయితే గ్లాసు వెనుక వార్తాపత్రిక పట్టి చదవండి. అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. అప్పుడు మడ్డి నుంచి మళ్ళీ వేరుచేయండి.

చివరిది నిలకడ కల్పించటం. తియ్యదనం లేని వైనుకు తగిన మోతాదు సల్ఫైటు, శుభ్రమైన సీసాలు, బిగువైన బిరడాలు ఉంటే చాలు. తియ్యగా ఉండాలని పంచదార కలపదలచినవారు మాత్రం పొటాసియం సార్బేటు పది లీటర్లకు 2 నుంచి 2.5 గ్రాముల దాకా, సల్ఫైటుతో కలిపి వాడాలి. సల్ఫైటు లేకుండా సార్బేటు ఒక్కటే వేస్తే కొన్ని క్రిములు దాన్ని తిని, నలిపిన జెరేనియం ఆకు వంటి చెడు వాసన పుట్టిస్తాయి. ఆ వాసన మళ్ళీ పోదు. ఇంకొక అపోహ ఉంది. సార్బేటు వేస్తే పులిసే వైను ఆగిపోతుందని అనుకుంటారు. ఆగదు. అది ఈస్టును చంపదు, సంతానం పెరగకుండా మాత్రమే చేస్తుంది. కోటానుకోట్ల ఈస్టు ఉన్న మురికి వైనులో అది పనిచేయదు. అందుకే ముందు పులియటం ఆగాలి, గాలి పోవాలి, తేటపడాలి, మడ్డి విడిపోవాలి, ఆ తరువాతే సార్బేటు, ఆ తరువాతే పంచదార. పంచదార కలిపిన తరువాత కూడా వారం పది రోజులు జాడీలోనే ఉంచి, బొటనవేలి పరీక్ష మళ్ళీ చేసి, తుస్సు లేదని తేలాకే సీసాలు నింపండి.

చలవపెట్టెలో ఉంచిన వైను అడుగున గాజుపెంకుల వంటి పలుకులు కనబడితే కంగారు పడవద్దు. అది ద్రాక్షలోని పులుపు గడ్డకట్టటం. మన చింతపండులో ఉన్నదీ ఆ పులుపే. ఆరోగ్యానికి హాని లేదు.

ఒక ప్రాణాపాయం సంగతి చెప్పి ముగిస్తాను. పాడుబడ్డ బావిలో మనిషిని దించే ముందు దీపం దించి చూడటం మన పల్లెల్లో పాత అలవాటు. ఆ బావి అడుగున నిలిచే గాలి, వైను తొట్టి మీద నిలిచే గాలి ఒకటే. మామూలు గాలికంటె బరువు గనుక నేలకు ఆనుకొని, గుంటల్లో నిలుస్తుంది. 25 లీటర్ల డబ్బావల్ల భయం లేదు గాని, మూసిన గదిలో పదిపదిహేను పీపాలు పులుస్తుంటే, లేదా ఒకేసారి కలిపి గాలి తీస్తుంటే, గది అడుగున అది నిండుతుంది. కిటికీలు, తలుపులు తెరచి ఉంచండి. నేలమాళిగలో ఈ పని ఒంటరిగా చేయకండి. తల తిరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే బయటికి రండి. దీపం ఆరలేదని ధైర్యం తెచ్చుకోకండి. దీపం వెలుగుతుండగానే మనిషికి ముప్పు రావచ్చు. ఖాళీ తొట్టి కడగటానికి లోనికి దిగే ముందు దాన్ని బాగా గాలి ఆడనివ్వాలి, పైన మరొక మనిషి ఉండాలి. లోపలి మనిషి పడిపోతే ఆదుర్దాలో వెంటనే దూకకూడదు. అలా దూకి ఒకరి వెనుక ఒకరు పోయిన సందర్భాలు బావుల్లో మనం విన్నవే.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. తోట వద్దకు పోయినప్పుడు రైతు మీకు మబ్బుపట్టిన జాడీ చూపి, ఏ మందు వేయమంటారని అడుగుతాడు. మందు పేరు చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడగండి. హైడ్రోమీటరు అంకె మూడు రోజులుగా కదలకుండా ఉన్నదా? మడ్డి నుంచి వేరుచేశారా? బొటనవేలి పరీక్షలో తుస్సు వస్తున్నదా? ఈ మూడింటికి జవాబు దొరికితే చాలాసార్లు మందు అవసరమే ఉండదు. వీలైతే ఆ బొటనవేలి పరీక్ష ఆయన చేతనే చేయించండి. చెవితో విన్న తుస్సు మన ఉపన్యాసంకంటె బాగా గుర్తుంటుంది.

రైతు సోదరులారా! ఈస్టు పది రోజుల్లో తన పని చేసి వెళ్ళిపోతుంది. మిగిలిన పని మనది, అందులో సగం పని ఆగటమే. ముందు పులియటం ఆగనివ్వండి, తరువాత గాలి పోనివ్వండి, ఆ తరువాత తేటపడనివ్వండి, చివరకు సీసాకెక్కించండి. ఈ వరుస తప్పకపోతే పండించిన పండు ఫలితం మీ చేతికి వస్తుంది.